పనిచేస్తుందా? అప్పట్లో ఉందా? బుష్‌క్రాఫ్ట్, రీఎనాక్ట్‌మెంట్‌లలో మీకేది నప్పుతుంది

మొదటిసారి వైకింగ్ క్యాంపుకు (వెయ్యేళ్ల నాటి స్కాండినేవియా సముద్రయోధుల వేషాల్లో జరిగేది) వెళ్లినప్పుడు నన్ను పట్టిచ్చింది నారింజ రంగు. చొక్కా నార బట్టే, చేత్తో కుట్టిందే. బూట్లు అరువు తెచ్చుకున్నవి. నడుముకు వేలాడే కత్తి మాత్రం నేను రోజూ అడవికి తీసుకెళ్లే మోరా, స్వీడన్ కంపెనీ కత్తి. ప్లాస్టిక్ పిడికి తోలు ముక్క చుట్టేసి, ఎవరు చూస్తార్లే అనుకున్నాను. పొద్దున గేటు తీసి జనాన్ని వదలకముందే ఒకావిడ అందరినీ కిందా పైనా చూసుకుంటూ వచ్చింది. ఆవిడ ఆ బృందానికి అథెంటిసిటీ ఆఫీసర్, అంటే అందరి బట్టలూ సామానూ ఆ కాలానివేనా అని చూసే మనిషి. తోలు అంచు దగ్గర గోరంత నారింజ రంగు కనిపించింది. "కత్తి మంచిదే. గుడారంలో పెట్టేసి రా" అంది నవ్వుతూ.

అంతకు వారం ముందే, తడిసి ముద్దయిన బర్చ్ దుంగను అదే కత్తితో చీల్చి, లోపలి పొడి చెక్కను సన్నగా చెక్కి నిప్పు రాజేశాను. బుష్‌క్రాఫ్ట్ నేర్పే మాస్టారు భుజం తట్టాడు. పిడి రంగు గురించి ఆయన అడగనే లేదు. నిజానికి నారింజ పిడి ఉంటే ఆకుల్లో పడ్డా దొరుకుతుందని అలాంటివే కొనమన్నది కూడా ఆయనే.

బుష్‌క్రాఫ్ట్ అంటే అడవిలో దొరికే వాటితో గడపడం నేర్చుకోవడం, రీఎనాక్ట్‌మెంట్ అంటే పాతకాలం మనుషుల వేషం కట్టి ఆ కాలాన్ని ఆడి చూపించడం. ఈ రెండింటి మధ్య తేడా నాకు అక్కడే తెలిసింది. బుష్‌క్రాఫ్ట్‌లో ప్రతి వస్తువునూ "పనిచేస్తుందా?" అని అడుగుతారు. రీఎనాక్ట్‌మెంట్‌లో "అప్పట్లో ఉందా?" అని అడుగుతారు. దూరం నుంచి చూస్తే రెండు చోట్లా ఉన్ని బట్టలు, పొగ, మసి పట్టిన గిన్నె, చేతిలో గొడ్డలి. అందుకే ఇంగ్లండ్‌లో ఉండే మన వాళ్లు చాలామంది "రెండూ ఒకటే కదా, ఏదో ఒకదాంట్లో చేర్పించు" అని నన్ను అడుగుతుంటారు. ఒకటి కాదు. ఒకటనుకుని తప్పు దాంట్లో చేరితే రెండో వారానికే విసుగొస్తుంది.

బుష్‌క్రాఫ్ట్‌లోకి ఏది వస్తుంది

బుష్ అంటే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ఇంగ్లిష్‌లో ఊరు దాటాక వచ్చే చిట్టడవి, బీడు. ఆ మాటకు క్రాఫ్ట్ కలిపి వాడిన వాళ్లలో ఆస్ట్రేలియాకు చెందిన రిచర్డ్ గ్రేవ్స్, కెనడాలో మోర్స్ కొచాన్‌స్కీ ముఖ్యులు. బ్రిటన్‌లో టీవీ ద్వారా ఇంటింటికీ చేర్చింది రే మియర్స్; ఆయన స్కూలు 1983లో మొదలైంది. దానికి సరిగ్గా నూరేళ్ల ముందు, 1883లో, అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ సియర్స్ అనే బక్కపలచని మనిషి ఐదు కిలోలు కూడా లేని చిన్న పడవ వేసుకుని అడిరాండాక్ అడవుల్లో 266 మైళ్లు తిరిగాడు. వాళ్లు దాన్ని వుడ్‌క్రాఫ్ట్ అనేవారు. పేరు వేరు, పని ఇదే.

నా లెక్కలో బుష్‌క్రాఫ్ట్ అంటే ఇంతే: ఒకటి రెండు పనిముట్లతో అడవికి వెళ్లి, నిప్పు, నీళ్లు, నీడ, తాడు, తిండి, చిన్నాచితకా సామాను అక్కడ దొరికే వాటితోనే కుదుర్చుకోవడం. క్యాంపింగ్ అంటే అన్నీ ఇంటినుంచి మోసుకెళ్లడం. సర్వైవల్ అంటే ఇరుక్కున్న చోటునుంచి ప్రాణాలతో బయటపడటం. బుష్‌క్రాఫ్ట్ చేసేవాడికి బయటపడాలన్న తొందర ఉండదు, ఇంకో రోజు ఉండొచ్చా అని చూస్తాడు. నేటిల్ అనే దురద మొక్క కాడల నార తీసి తాడు పేనడం బుష్‌క్రాఫ్టే. గరిటె చెక్కుకోవడం బుష్‌క్రాఫ్టే. ఖరీదైన కత్తిని నాచు మీద పెట్టి ఫొటో తీయడం మాత్రం కాదు. ఈ మధ్య అదే ఎక్కువైంది.

దీనికి కాలంతో పనిలేదు. నైలాన్ టార్పాలిన్, స్టీలు సీసా, హెడ్‌ల్యాంప్ ఏవైనా వాడుకోవచ్చు. మరి అందరూ పాతకాలం వాళ్లలా ఉన్ని చొక్కాలెందుకు వేసుకుంటారంటే, నిప్పురవ్వ పడితే నైలాన్ జాకెట్‌కు చిల్లు పడుతుంది, ఉన్నికి పడదు. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా పోదు. చూడటానికి పాతగా ఉన్నా, అది చరిత్ర కోసం వేసుకున్నది కాదు.

ఇంకో సంగతి. నల్లమలలో చెంచులు తాళ్ల మీద వేలాడుతూ కొండ తేనె తీస్తారు. దాన్ని ఎవరూ బుష్‌క్రాఫ్ట్ అనరు, వాళ్లకది బతుకుతెరువు. అడవిని వదిలేసి రెండు మూడు తరాలైన వాళ్లు శనివారాల్లో తిరిగి వెళ్లి నేర్చుకుంటే దానికి ఈ పేరు.

రీఎనాక్ట్‌మెంట్ సంగతి

బ్రిటన్‌లో ఇది పెద్ద ఎత్తున నడిచే హాబీ. 1642లో మొదలైన ఇంగ్లిష్ అంతర్యుద్ధాన్ని ఆడి చూపించే సీల్డ్ నాట్‌ను బ్రిగేడియర్ పీటర్ యంగ్ 1968లో స్థాపించాడు. రోమన్ సైనికులుగా కనిపించే ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ 1972 నాటిది. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధం జరిగిన చోటే, బ్యాటిల్ అనే ఊళ్లో, అక్టోబరులో కత్తులు ఖంగుమంటాయి. అమెరికాలో అంతర్యుద్ధం శతజయంతికి 1961లో మనాసస్ దగ్గర చేసిన ప్రదర్శన తర్వాత ఈ పిచ్చి బాగా పాకింది.

దీనిలో రెండు పాయలున్నాయి. ఒకటి యుద్ధం ఆడటం: ఐదు మీటర్ల ఈటెలు పట్టుకుని వరసగా తోసుకోవడం, తుపాకులు పేల్చడం. రెండోది లివింగ్ హిస్టరీ: గుడారం వేసుకుని వండటం, నేయడం, కొలిమి పెట్టడం, చూడవచ్చిన వాళ్లకు వివరించడం. రెండో పాయలో ఉన్నవాళ్లకు అందరికంటే ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న "ఆ మంట నిజం మంటేనా?" అన్నది. అది ఎంతమంది దగ్గర విన్నానంటే, ఇప్పుడు మా వాళ్లలో అదొక జోకు.

ఆధారం లేకుండా ఏదీ పెట్టుకోకూడదన్నది ఇక్కడ పట్టుదల. అమెరికాలో పొసగని సామానుతో వచ్చేవాడిని "ఫార్బ్" అని వెక్కిరిస్తారు. మరీ చాదస్తులను కుట్లు లెక్కపెట్టేవాళ్లంటారు. కొన్నిచోట్ల నిజంగానే లెక్కపెడతారు.

మన దగ్గర ఇలాంటిది లేదా అంటే, కారెంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల ఉత్సవం ఉంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు, యుద్ధంలో జరిగినవన్నీ ఒక్కొక్కటిగా నడుస్తాయి. వీరుల ఆయుధాలను ఊరేగిస్తారు. కానీ అది ఆరాధన. అక్కడ ఎవరూ "ఈ దారం పన్నెండో శతాబ్దంలో ఉందా" అని అడగరు, అడగాల్సిన పనీ లేదు. హాబీ రీఎనాక్ట్‌మెంట్‌కు ఆ ప్రశ్నే ప్రాణం.

నిప్పు దగ్గర చూస్తే తేడా బాగా తెలుస్తుంది

ఏది ఎంచుకోవాలో తేలకపోతే నిప్పు రాజేయడం ఒక్కటి చూడండి.

బుష్‌క్రాఫ్ట్ వాళ్ల జేబులో ఫెర్రో రాడ్ అనే చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. గీస్తే దాదాపు 3,000 డిగ్రీల రవ్వలు కురుస్తాయి, వానలో కూడా. సౌకర్యమే. కానీ ఆ మిశ్రలోహాన్ని ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ వాన్ వెల్స్‌బాక్ కనిపెట్టింది 1903లో. అగ్గిపుల్లను స్టాక్‌టన్‌లో జాన్ వాకర్ అమ్మడం మొదలుపెట్టింది 1827లో. కాబట్టి 1645 నాటి సిపాయి వేషంలో ఉన్నవాడు రెండూ ముట్టుకోకూడదు. వాడికి గతి చెకుముకి రాయే.

చెకుముకి అంటే మనకు కొత్త కాదు. మా తాత చుట్ట వెలిగించుకోడానికి రాయి, ఉక్కు ముక్క, దూది ఒక గుడ్డ సంచిలో పెట్టుకునేవాడట, నాన్న చెప్పాడు. రవ్వ రాతినుంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. రాతి అంచు ఉక్కును గీరినప్పుడు లేచే సన్నటి ఉక్కు పొడి గాలిలో మండుతుంది, అదే రవ్వ. ఎడమ చేతిలో రాయి, దాని అంచుకు ఆనించి మసిగుడ్డ ముక్క, కుడిచేత్తో ఉక్కును పైనుంచి కిందికి రాసినట్టు కొట్టాలి. పది దెబ్బలకు ఒక రవ్వ గుడ్డ మీద పడుతుంది. ఆవగింజంత ఎర్రటి చుక్క. మంట రాదు. ఆ చుక్క మెల్లగా పాకుతుంటే ఎండుగడ్డి గూడులో పెట్టి, ముఖం దగ్గర పట్టుకుని ఊదాలి. ముందు తెల్లటి పొగ, తర్వాత పసుప్పచ్చ పొగ, కళ్లలో నీళ్లు, ఉన్నట్టుండి భగ్గుమంటుంది. మొదటిసారి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, రెండు వేళ్ల కణుపులు చీరుకుపోయాయి.

ఆ మసిగుడ్డ నేను పాత జీన్స్ ముక్కలతో చేసింది. చిన్న చిల్లున్న రేకు డబ్బాలో గుడ్డ పెట్టి నిప్పుల మీద కాల్చి, పొగ ఆగాక తీస్తే నల్లగా తయారవుతుంది. అడవిలో దానికి వంక పెట్టేవాళ్లుండరు. వైకింగ్ క్యాంపులో మాత్రం పక్క గుడారం ఆయన "రివెట్ల జీన్స్‌కు పేటెంట్ వచ్చింది 1873లో, తెలుసా?" అన్నాడు. ఆ కాలానికి ఆ దేశంలో నూలు మామూలు బట్ట కూడా కాదు. బర్చ్ చెట్ల మీద పెరిగే గట్టి పుట్టగొడుగును పల్చగా కోసి, కాల్చి వాడుకోవాలి.

ఇంకో తప్పు చాలామంది చేస్తారు. విల్లుతో పుల్లను తిప్పి నిప్పు తీయడం బుష్‌క్రాఫ్ట్‌లో గొప్ప పరీక్ష, మన అరణి లాంటిదే. ఎంత పాత పద్ధతైతే అంత అసలైనదనుకుని దాన్ని ఏ కాలం క్యాంపులోనైనా చేసి చూపిస్తారు. వైకింగుల సమాధుల్లో దొరికినవి ఉక్కు చెకుముకులు. ఇనుము చేతిలో ఉన్నవాడు పుల్లలు ఎందుకు తిప్పుతాడు? పాతది వేరు, ఆ కాలానిది వేరు.

రెండూ కలిసే చోటు

కలిసే చోటు ఉంది, కానీ అనుకున్నంత పెద్దది కాదు. పాతకాలం అనగానే జనమంతా అడవిలో బతికారనుకుంటాం. రోమన్ సైనికుడు ఎనిమిది మందితో ఒక తోలు గుడారంలో పడుకుని, ఇచ్చిన గోధుమలు తిరగలిలో విసురుకుని తినేవాడు. ఇంగ్లిష్ అంతర్యుద్ధం సిపాయిలను చాలాసార్లు ఊళ్లో వాళ్ల ఇళ్లలో బస పెట్టేవారు. ఆంగ్లో-సాక్సన్లు రైతులు. వీళ్ల వేషం వేస్తే నేర్చుకునేది కుట్టుపని, వంట, కవాతు. అడవి విద్య చాలా తక్కువ.

నిజంగా కలిసేది అమెరికా పశ్చిమ కొండల్లో బీవర్ అనే నీటి జంతువు తోళ్ల కోసం ఉచ్చులు పెట్టుకుంటూ తిరిగిన ట్రాపర్ల దగ్గర. వాళ్ల వార్షిక సంతలు, రాందేవూలు, 1825 నుంచి 1840 దాకా జరిగాయి. ఇప్పుడు ఆ పేరుతో జరిగే క్యాంపుల్లో మామూలు నియమం 1840 తర్వాతి సామాను కనబడకూడదని. అమెరికన్ మౌంటెన్ మెన్ అనే సంఘం 1968 నుంచి ఉంది. వీళ్లలో గట్టివాళ్లు గుడారాల దగ్గర కూర్చోరు, ఒక కంబళి, గొడ్డలి, చెకుముకి, మొక్కజొన్న పిండి మూట కట్టుకుని రోజుల తరబడి నడుస్తారు. ఇక్కడ రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు చెప్పాలి. మూటలో ఉన్నది అప్పట్లో ఉండాలి, రాత్రి వానలో పనిచేయాలి కూడా. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. నడుం పట్టేసేదీ ఇదే.

రాతియుగం, దాని వెంటే వచ్చిన రాగియుగం కూడా అలాంటివే. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే 5,300 ఏళ్ల నాటి మనిషి సామాను చూడండి: యూ కర్ర పిడికి కట్టిన రాగి గొడ్డలి, ఆష్ పిడి వేసిన చెకుముకిరాతి బాకు, ఇంకా పూర్తికాని విల్లు, నిప్పంటించే పుట్టగొడుగు, బర్చ్ బెరడు డబ్బాలో మేపుల్ ఆకుల మధ్య నిప్పు కణికలు దాచిన గుర్తులు. ఏవి చేయాలో పురావస్తు శాస్త్రం చెబుతుంది. అవి చేయడానికి బుష్‌క్రాఫ్ట్ చేతులు కావాలి.

ఇక్కడే మూడో దారి కూడా ఉంది, ప్రయోగాత్మక పురావస్తు శాస్త్రం. హాంప్‌షైర్‌లో పీటర్ రేనాల్డ్స్ 1972లో మొదలుపెట్టిన బట్సర్ ఏన్షియంట్ ఫామ్, డెన్మార్క్‌లో 1964 నాటి లైరే కేంద్రం, ఫ్రాన్స్‌లో 1997 నుంచి పదమూడో శతాబ్దపు పద్ధతిలో కోట కడుతున్న గెడెలాన్. పైకప్పు ఎన్నేళ్లు నిలుస్తుంది, పొలం ఎంత పండుతుంది అని కట్టి, విత్తి, కొలిచి చూస్తారు. చేరడం కష్టమేమో గానీ చూడటానికి ఒక శనివారం చాలు. పిల్లలుంటే ముందు అక్కడికే తీసుకెళ్లండి.

మన వాళ్లకు ప్రత్యేకంగా కొన్ని మాటలు

"మన రంగుతో వైకింగ్ ఏంటి?" అని మొహమాటపడేవాళ్లుంటారు. చాలా బృందాల్లో ఎవరూ పట్టించుకోరు. అయినా మనసొప్పకపోతే రోమన్ బ్రిటన్ చూడండి. రోమన్లు ఉత్తర ఇంగ్లండ్‌లో కట్టిన హాడ్రియన్ గోడ దగ్గర ఉత్తర ఆఫ్రికా మూర్ల దళం ఉండేది. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాటీస్ తన భార్య రెజీనాకు సౌత్ షీల్డ్స్‌లో సమాధి రాయి వేయించాడు, ఇప్పటికీ ఉంది. ఆ గోడకు దగ్గర్లోని విండొలాండా అనే రోమన్ కోటలో దొరికిన చెక్కరాతల్లో ఒక సిపాయి మిరియాలు కొన్న లెక్క ఉంది. ఆ మిరియాలు మన దక్షిణాది పంటే. నేనైతే మిరియాల వ్యాపారి వేషం కట్టేస్తాను.

మా ఆవిడ పద్దెనిమిదో శతాబ్దం బృందంలో చేరింది, బట్ట కోసం. అప్పట్లో యూరప్ ఆడవాళ్లు పడిచచ్చిన చింట్జ్ కోరమాండల్ తీరంలో చేత్తో రంగులద్దిన నూలు బట్ట, మచిలీపట్నం దాని రేవుల్లో ఒకటి. బ్రిటన్ 1700లో, 1721లో చట్టాలు చేసి మరీ ఆపాలని చూసింది. పెడన నుంచి తెప్పించిన కలంకారీ చూపిస్తే బృందంలో వాళ్లు డిజైన్లు పాత నమూనాలతో పోల్చి, మూడింటిలో ఒకటి ఒప్పుకున్నారు. అదే బట్ట వేసుకుని నవంబరులో వేల్స్ కొండలెక్కితే వణికి చావాలి. తడిసిన నూలు ఒంట్లో వేడి లాగేస్తుంది. రీఎనాక్ట్‌మెంట్‌కు సరైనది బుష్‌క్రాఫ్ట్‌కు ప్రమాదం కావడం అంటే ఇదే.

తిండి విషయంలో ముందే గుండె దిటవు చేసుకోండి. మధ్యయుగం క్యాంపులో బంగాళాదుంప, టమాటా, మిరపకాయ ఏవీ ఉండవు. బఠానీ, బార్లీ, ఉల్లి, లీక్ వేసి ఉడికించిన జావ. శాకాహారులకు ఇబ్బంది లేదు, నాలుకకే ఇబ్బంది. అయినా మిరప పోర్చుగీసు వాళ్లతో వచ్చింది కాబట్టి 1323లో ఓరుగల్లు పడిపోయేనాటికి కాకతీయుల వంటింట్లోనూ అది లేదు. ఆ లెక్కన పచ్చిమిర్చి లేకుండా మనవాళ్లూ శతాబ్దాలు బతికారు. బుష్‌క్రాఫ్ట్‌కు వెళ్తే గుంటూరు కారం డబ్బా నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు.

డబ్బు, సమయం, చట్టం

మోరా కత్తి, ఫెర్రో రాడ్, మడత రంపం, టార్పాలిన్. బుష్‌క్రాఫ్ట్ మొదలుపెట్టడానికి నాలుగైదు వస్తువులు చాలు, ఒక్కడే వెళ్లొచ్చు, ఏ వారమైనా వెళ్లొచ్చు. రీఎనాక్ట్‌మెంట్ ఖర్చు ఎక్కువే. బూట్లు, బట్టలు, బెల్టు, తర్వాత ఆయుధాలు. మంచి బృందాలు కొత్తవాళ్లకు ఒక సీజన్ సామాను అరువిస్తాయి. అది అడగకుండా ఆన్‌లైన్‌లో "వైకింగ్ డ్రెస్" కొనకండి, నూటికి తొంభై పాళ్లు పనికిరాదు. పైగా మే నుంచి సెప్టెంబరు దాకా మీ శని, ఆదివారాలు మీవి కావు.

ఇంగ్లండ్‌లో స్థలం దొరకడం బుష్‌క్రాఫ్ట్‌కు పెద్ద తలనొప్పి. భూమి యజమాని అనుమతి లేకుండా రాత్రి ఉండటం, నిప్పు పెట్టడం కుదరదు. నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ బీడుల్లో గుడారం వేసుకునే హక్కును సుప్రీంకోర్టు 2025 మేలో నిలబెట్టింది కానీ మంట వేసుకోవచ్చని అర్థం కాదు. స్కాట్లండ్‌లో బయట తిరగడానికి, గుడారం వేసుకోవడానికి హక్కు ఇచ్చిన 2003 చట్టం వల్ల కాస్త ఊపిరి ఆడుతుంది. రీఎనాక్ట్‌మెంట్‌లో ఈ గొడవంతా బృందమే చూసుకుంటుంది: స్థలం, నీళ్లు, పోర్టబుల్ టాయిలెట్లు, ఇన్సూరెన్స్.

కత్తి విషయం జోకు కాదు. బహిరంగ స్థలంలో మూడు అంగుళాల లోపు, లాక్ పడని మడత కత్తికి తప్ప దేనికైనా తగిన కారణం చూపించాలి. అడవినుంచి వస్తూ నడుముకు మోరాతో సూపర్‌మార్కెట్‌లో దూరకండి. సంచి అడుగున పెట్టండి. 50 సెంటీమీటర్లు దాటిన వంపు కత్తులను ఇంగ్లండ్, వేల్స్‌లో 2008లో నిషేధించారు. ఇన్సూరెన్స్‌తో జరిగే రీఎనాక్ట్‌మెంట్‌కు మినహాయింపు ఉంది, బృందంలో ఉండాలనడానికి అదొక కారణం. తుపాకీ, తుపాకీమందు అయితే సర్టిఫికెట్లు, లైసెన్సులు వేరే. ఆంధ్ర, తెలంగాణల్లో ప్రయత్నించాలనుకునేవాళ్లకు ఒకటే మాట: రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు రాజేస్తే కేసు. సొంత తోటలో నేర్చుకోండి.

చివరికి ఎవరికేది

ఒంటరిగా ఉండటం ఇష్టం, వారమంతా మీటింగులతో తల వేడెక్కింది, మనుషుల ముఖం చూడకుండా రెండు రోజులు గడపాలి అంటే కళ్లు మూసుకుని బుష్‌క్రాఫ్ట్. ముందు ఒక రోజు కోర్సు చేయండి, ముఖ్యంగా కత్తి, గొడ్డలి పట్టుకోవడం కోసం. వీడియోలు చూసి గొడ్డలి నేర్చుకున్నవాడి మోకాలి కింద కుట్లు నేను చూశాను.

పుస్తకాల పిచ్చి, కుట్టుపని, నలుగురితో కబుర్లు, ముక్కూ మొహం తెలియని వాళ్లకు విసుగు లేకుండా ఒకే కథ ఇరవైసార్లు చెప్పగల ఓపిక ఉంటే రీఎనాక్ట్‌మెంట్. కుటుంబానికి కూడా ఇదే మేలు, పిల్లలకూ పెద్దలకూ పాత్రలుంటాయి, పక్క గుడారాల్లో తోటి పిల్లలుంటారు. ఏ కాలమో ఎంచుకునే ముందు బృందాన్ని చూడండి. ఇష్టమైన శతాబ్దంలో చిరాకు మనుషులతో ఉండటం కంటే పట్టింపులేని శతాబ్దంలో మంచివాళ్లతో ఉండటం నయం.

రెండూ కావాలంటే బుష్‌క్రాఫ్ట్‌తో మొదలుపెట్టమంటాను. వానలో నిప్పు రాజేయడం చేతికొచ్చాక చెకుముకికి మారడం తేలిక. వేషం ముందు కట్టి విద్య తర్వాత నేర్చుకుందామనుకునేవాళ్లు సాధారణంగా వేషం దగ్గరే ఆగిపోతారు.

నా నారింజ పిడి మోరా ఇప్పటికీ వైకింగ్ క్యాంపుకు వస్తుంది, మూటలో. సాయంత్రం గేటు మూసి జనం వెళ్లిపోయాక ఉల్లిపాయలు తరిగేది దానితోనే. కమ్మరి చేత్తో కొట్టిన నా కొత్త కత్తికి పదును ఎప్పుడూ నిలవదు. మొన్న ఆ అథెంటిసిటీ ఆఫీసరే చీకట్లో వచ్చి, "నీ ప్లాస్టిక్ కత్తి ఒకసారి ఇస్తావా?" అని అడిగి తీసుకెళ్లింది.